అల్పపీడనం పోయిన వారానికే ఇంకోటి: మన సముద్రం చల్లబడదా?

ఇసకపల్లి_రొయ్యలు

అందరికీ నమస్కారం. అల్లూరు పక్కన రొయ్యల గుంటలు చేస్తుంటాను. చాలా కాలంగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఒకటి అడుగుతున్నా.

తుపాను సముద్రంలోని వేడిని లాక్కుని బలపడుతుందని టీవీలో చెబుతుంటారు. సరే, అంత వేడి లాక్కున్నాక సముద్రం చల్లబడాలి గదా? చల్లబడితే కొన్నాళ్ల దాకా ఆ పక్క ఇంకేమీ పుట్టకూడదు గదా? 2021 నవంబర్ చూడండి. 11వ తేదీన ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. 19న ఇంకొకటి, కాస్త కిందుగా. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే ఆగిపోయింది. ఆ బురద ఆరకముందే నెలాఖరులో మళ్లీ వానలు. 2015 నవంబర్లోనూ ఇదే వరస. అరేబియా సముద్రంలో అయితే తుపాను పోయిన దారిలో నీళ్లు చల్లబడతాయని ఎక్కడో చదివాను. మన పక్క ఎందుకు చల్లబడవు?

కార్తీకం వస్తే రొయ్యల పట్టుబడి చేసేయాలా, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) కోసం ఇంకో పది రోజులు ఆగాలా అని నాకు ప్రతి ఏడూ టెన్షనే. అందుకే అడుగుతున్నా. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నెల్లూరోడు_బెంగళూరు

అన్నా, తుపాను పుట్టడానికి సముద్రం పైనీరు 26.5 డిగ్రీలు దాటి ఉంటే చాలు. నవంబర్లో కూడా మన బంగాళాఖాతం 28 అటూ ఇటూ ఉంటుంది. ఒక డిగ్రీ తగ్గినా ఇంకా మిగులే. అందుకే వరసగా వస్తాయి.

పెన్నా_ఒడ్డు

బాబూ, మీరు చెప్పింది నిజమే, కానీ ఆయన అడిగింది వేరు. ఆ ఒక్క డిగ్రీ కూడా సరిగ్గా ఎందుకు తగ్గదని అడుగుతున్నారు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, ఆ దారిలోనే చెబుతాను.

సముద్రం మీద ఉన్న గాలినంతా, కింద నుంచి పైకొస దాకా, ఒక డిగ్రీ వేడెక్కించాలంటే కొంత వేడి కావాలి. పైన ఉన్న రెండున్నర, మూడు మీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కూడా సుమారుగా అంతే వేడి కావాలి. అంటే సముద్రంలో మనిషి లోతు నీళ్లు, దానిపైన కొంచెం, ఆకాశమంత గాలితో సమానం. వేడి విషయంలో గాలి సముద్రం మీద ఎంతగా ఆధారపడుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ వేడి గాలిలోకి వెళ్లేది ఎక్కువగా ఆవిరి రూపంలో. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 24 లక్షల జౌళ్ల శక్తి కావాలి. అదే లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి మూడు లక్షలు కూడా పట్టవు. సముద్రం నుంచి ఆవిరి లేచినప్పుడు అంత శక్తీ దాంతోపాటే వెళుతుంది. పైకి పోయి మబ్బు కట్టినప్పుడు ఆ వేడి అక్కడ బయటపడుతుంది. అక్కడి గాలి తేలికపడి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం తగ్గుతుంది, చుట్టుపక్కల గాలి లోపలికి దూసుకొస్తుంది. గాలి పెరిగితే ఆవిరి పెరుగుతుంది. ఈ తిరుగుడే తుపానుకు ప్రాణం. తీరం దాటి నేల మీదికి రాగానే ఆవిరి అందదు, అందుకే నీరసిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. తుపాను కింద నీళ్లు చల్లబడటానికి రెండు కారణాలు. వేడి ఆవిరితో పైకి పోవడం ఒకటి. గాలి సముద్రాన్ని చిలికి, లోతులో ఉన్న చల్లనీటిని పైకి తెచ్చి కలపడం రెండోది. చల్లబడటంలో పెద్ద వాటా ఈ రెండోదానిదే. కాబట్టి రైతుగారి ప్రశ్నని ఇలా అడగాలి: మన దగ్గర కింది చల్లనీరు ఎందుకు పైకి రాదు?

ఇంకో మాట. 11న, 19న వచ్చినవి వాయుగుండాలు. వాటి గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు, తీవ్ర వాయుగుండమైతే 61 దాకా. 62 నుంచి తుపాను అంటారు. వాయుగుండం గాలికి లోతు నీళ్లు కదిలేది తక్కువ, కురిసే వాన మాత్రం తక్కువ కాదు.

కడలి_ఒంగోలు

సార్ ఆపిన చోట నుంచి నేను అందుకుంటాను. మాది ఒంగోలు, వైజాగ్‌లో సముద్రశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది నా సబ్జెక్టుకు చాలా దగ్గర విషయం కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

కింది నీరు పైకి రాకపోవడానికి కారణం మంచినీరు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఈ ఒక్క సముద్రంలోనే కలుస్తాయి. దానికి తోడు బంగాళాఖాతం మీద కురిసే వాన, అక్కడ లేచే ఆవిరి కంటే ఎక్కువ. అరేబియా సముద్రంలో కథ తిరగబడుతుంది, అక్కడ ఆవిరే ఎక్కువ. అందుకే అక్కడ కిలో నీటికి 36 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. మన ఉత్తర బంగాళాఖాతంలో వర్షాకాలం అయ్యేసరికి పైనీటిలో 30 గ్రాములకు లోపే ఉంటుంది.

ఉప్పు తక్కువ ఉన్న నీరు తేలిక. అది పైన పలచని పొరలా పరుచుకుని ఉండిపోతుంది. కింద ఉప్పునీరు బరువుగా ఉంటుంది. ఈ రెంటినీ కలపాలంటే గాలి చాలా శక్తి ఖర్చు పెట్టాలి. పైన పది ఇరవై మీటర్ల తేలికనీరు, దాని కింద వేడి తగ్గని ఉప్పునీటి పొర ఒకటి, ఆ కింద అసలైన చల్లనీరు. నడుమ ఉన్న పొరను మేము అడ్డుపొర అంటాం. గాలి ఎంత చిలికినా ఆ అడ్డుపొర దాకా వచ్చి ఆగిపోతుంది. చల్లనీటి దాకా చెయ్యి అందదు.

పైగా పైపొర పలచన కాబట్టి ఎండకి తొందరగా వేడెక్కుతుంది. తుపాను పోయాక నాలుగు రోజులు ఎండ కాస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇసకపల్లి_రొయ్యలు

అమ్మా, నువ్వు చెప్పింది నేను కళ్లారా చూస్తున్నదే! పెద్ద వాన పడిన మర్నాడు గుంటలో పైనీళ్లు సెలినిటీ (నీటిలో ఉప్పు) 10 చూపిస్తే, కర్రకి సీసా కట్టి అడుగు నుంచి తీసిన నీళ్లు 16 చూపిస్తాయి. పైన చెయ్యి పెడితే చల్లగా, అడుగున పాదానికి వెచ్చగా తగులుతుంది. ఏరియేటర్లు (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆగకుండా తిప్పితే గానీ రెండూ కలవవు. కరెంటు పోయి, జనరేటర్ మొరాయించిందంటే అడుగున ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలి గట్టు వెంట తిరుగుతుంటాయి.

అంటే సముద్రంలో కూడా ఇట్టాగే జరుగుతుందా? అంత పెద్ద తుపానుకి కూడా ఆ నీళ్లు కలవవా?

కడలి_ఒంగోలు

అచ్చం అదే అన్నా. "అడుగున వెచ్చగా" అన్నారు చూశారా, అది ఇంకా ముఖ్యం. మామూలు సముద్రంలో లోతుకు పోయేకొద్దీ చల్లగా ఉంటుంది. ఉత్తర బంగాళాఖాతంలో మాత్రం వర్షాకాలం తర్వాత, చలికాలంలో, పైపొర కంటే దాని కింది పొరే వెచ్చగా ఉంటుంది. పైనీరు రాత్రుళ్లు చల్లబడుతుంది, కింద ఉన్న వేడి ఆ మూత దాటి బయటికి రాలేదు. అలాంటప్పుడు తుపాను వచ్చి చిలికితే పైకి వచ్చేది కూడా వెచ్చని నీరే.

బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు 2008లో దీని మీద పేపర్ ప్రచురించారు. వర్షాకాలం తర్వాత ఉత్తర బంగాళాఖాతంలో తుపాన్లు పైనీటిని పెద్దగా చల్లబరచవని తేల్చారు. మే నెల తుపానైతే ఆ పరిస్థితి ఉండదు. అప్పటికి మంచినీటి పొర బలహీనపడి ఉంటుంది, అందువల్ల రెండు మూడు డిగ్రీలు కూడా చల్లబడుతుంది. 2010 మేలో బాపట్ల దగ్గర తీరం దాటి మన ఒంగోలును ముంచిన లైలా ఆ కాలందే.

ఒక్క జాగ్రత్త. ఈ మంచినీటి మూత బలం ఉత్తరాన ఎక్కువ. నెల్లూరు దాకా వచ్చేసరికి తగ్గుతుంది. కాబట్టి మన తీరానికి ఈ సిద్ధాంతాన్ని మొత్తానికి మొత్తం అంటించకూడదు.

కొత్తపట్నం_పడవ

మాది పట్టపోళ్ల కుటుంబం, నాన్న ఇంకా వేటకి పోతారు. దీపావళి దాటాక మా దగ్గర నీటి లాగుడు ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. వల వేసిన చోటు నుంచి కిందికి జరిగిపోతుంది. అదే ఎండాకాలం మొదట్లో ఎదురు, దక్షిణం నుంచి ఉత్తరానికి. దీపావళి తర్వాత వచ్చే నీళ్లు చూస్తేనే తెలుస్తుంది, కొంచెం మట్టి రంగు, నోట్లో పోసుకుంటే ఉప్పు తక్కువ. గుర్రపుడెక్క, పుల్లాపుడకా తేలుతూ వస్తాయి. ఇవి కృష్ణ నీళ్లే అంటారు మా వాళ్లు. నిజమా?

కడలి_ఒంగోలు

తమ్ముడూ, కృష్ణ నీళ్లూ ఉంటాయి, అంతకంటే దూరం నుంచి వచ్చినవీ ఉంటాయి. తూర్పు తీరం వెంట ఒక ప్రవాహం ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి సాగుతుంది. గంగ, బ్రహ్మపుత్రలు వర్షాకాలంలో ఉత్తరాన గుమ్మరించిన మంచినీరు ఆ ప్రవాహంలో పడి ఒడిశా, ఆంధ్ర తీరాల వెంట కిందికి దిగుతుంది.

దీన్ని కనిపెట్టిన తీరు మీకు తప్పక చెప్పాలి. తీరానికి దగ్గరగా ఉప్పు కొలతలు లేవు. ఉపగ్రహాలు నేల దగ్గర సరిగ్గా చూడలేవు, ఆర్గో యంత్రాలు, అంటే సముద్రంలో తేలుతూ మునుగుతూ కొలతలు తీసేవి, లోతు నీళ్లలో తిరుగుతాయి. అప్పుడు పరిశోధకులు తూర్పు తీరంలోని మత్స్యకారుల్నే అడిగారు. వాళ్లు క్రమం తప్పకుండా సీసాల్లో సముద్రపు నీరు పట్టి ఇచ్చారు. ఆ కొలతలతో తేలింది ఏమిటంటే, వర్షాకాలం అయ్యాక తీరం వెంట సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున ఉప్పు తక్కువ నీరు ఒక ఏరులా దక్షిణానికి పారుతోంది. 2014లో ఇది అమెరికా వాతావరణ సంఘం పత్రికలో వచ్చింది. మీ నాన్నగారు చూస్తున్నది దాన్నే. అంటే అన్నగారు అడిగిన ఆ మంచినీటి మూతలో కొంత, సరిగ్గా తుపాన్ల నెలల్లోనే, మన వాకిట్లోకి వస్తోంది.

నెల్లూరోడు_బెంగళూరు

అంతా బాగుంది, కానీ ఒకటి పొసగడం లేదు. 2013 నవంబర్ 22న హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. ఆ వెనకే లెహర్. అతి తీవ్ర తుపాను అయింది, ఊళ్లు ఖాళీ చేయించారు. తీరా 28న అదే మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి వాయుగుండంగా పడిపోయింది. సముద్రం ఎప్పుడూ వెచ్చగానే ఉంటే లెహర్ ఎందుకు చచ్చింది?

పెన్నా_ఒడ్డు

మంచి ప్రశ్న వేశారు. ఇంతసేపూ సముద్రం వైపు నుంచే మాట్లాడాం. గాలి వైపు నుంచి కూడా చూడాలి.

నవంబర్ చివరికి ఉత్తర భారతం నుంచి పొడిగాలి దిగడం మొదలవుతుంది. అది తుపానులోకి చొరబడితే మబ్బులు ఎండిపోతాయి. ఇంకోటి, కింది గాలి ఒక దిక్కుకి, పైన పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో గాలి మరో దిక్కుకి జోరుగా వీస్తుంటే తుపాను నిలువునా నిలబడలేదు, పైభాగం పక్కకి కొట్టుకుపోతుంది. లెహర్‌కి ఈ రెండూ తగిలాయి. దానికి ముందు హెలెన్ దాటి వెళ్లిన నీళ్లలో వేడి నిల్వ కూడా తగ్గి ఉంది. అంటే వరస తుపాన్లలో మొదటిది రెండోదాన్ని దెబ్బతీసే సందర్భం కూడా ఉంటుంది. కడలి చెప్పిన జాగ్రత్త ఇక్కడే పనికొస్తుంది.

వెచ్చని సముద్రం ఉండి తీరాలి, కానీ అదొక్కటే చాలదు. వేసవిలో బంగాళాఖాతం 30 దాటి ఉన్నా వారాల తరబడి ఏమీ పుట్టకపోవడం మనం చూస్తూనే ఉన్నాం.

కావలి_పెద్దాయన

మీరంతా చదువుకున్నవాళ్లు, నేను చూసింది చెబుతాను. 1989 నవంబర్ 8 రాత్రి కావలి తుపాను. ముందు గాలి ఉత్తరం నుంచి కొట్టింది. పెంకులు ఎగిరిపోయాయి, తలుపుకి అడ్డంగా రోలు పెట్టి నలుగురం ఆనుకుని కూర్చున్నాం. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. పక్కింటివాళ్లు అయిపోయిందని బయటికి రాబోతే మా నాయన అరిచి లోపలికి పంపించాడు. కాసేపటికే దక్షిణం నుంచి మొదలైంది, ముందుదానికంటే ఎక్కువగా. తెల్లారి చూస్తే తాటిచెట్లకు మట్టలు లేవు.

ఆ తుపాను ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? అప్పట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

కడలి_ఒంగోలు

పెద్దాయనా, అది థాయిలాండ్ అవతల పుట్టింది. థాయిలాండ్ సింధుశాఖలో బలపడి, అక్కడ సముద్రంలోనూ ఒడ్డునా వందల మందిని పొట్టన పెట్టుకుని, ఆ దేశం సన్నగా ఉన్న చోట నేల దాటి ఇవతలికి వచ్చింది. ప్రపంచం దాన్ని గే తుపాను అంటుంది. నేల దాటేటప్పుడు బాగా నీరసించింది. అండమాన్ దాటి బంగాళాఖాతంలో పడగానే మళ్లీ ఊపందుకుని, ఇన్ని రోజుల దారిలో పెరుగుతూ పెరుగుతూ కావలి చేరింది. సార్ చెప్పిన ఆవిరి లెక్కకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గాలి ఆగినప్పుడు మీ నాయనగారు బయటికి పోనివ్వలేదు చూడండి, ఆ మాట ఇప్పటికీ ప్రతి ఇంట్లో చెప్పుకోవాలి. అది తుపాను కన్ను. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది.

ఉలవపాడు_తోట

నాదీ ఒక ప్రశ్న. ఎల్‌నినో, అదే పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలుకంటే వేడెక్కడం, వస్తే కరువు అంటారు గదా. 2015 పెద్ద ఎల్‌నినో సంవత్సరం. మరి ఆ నవంబర్లో నెల్లూరు ఎందుకు మునిగింది?

పెన్నా_ఒడ్డు

ఎల్‌నినో దెబ్బ ఎక్కువగా జూన్-సెప్టెంబర్ వానల మీద. మనకి, ముఖ్యంగా నెల్లూరుకి, ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యే పడుతుంది. ఆ ఈశాన్య ఋతుపవనానికి ఎల్‌నినో చాలాసార్లు కలిసొస్తుంది. 1997, 2015 అలాంటివే. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందన్న హామీ లేదు.

ఇందులో మన దేశానికి పెద్ద వాటా ఉంది. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖ అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, ఇక్కడ వానలు ఎందుకు తప్పుతున్నాయో వెతుకుతూ పసిఫిక్‌కీ హిందూ మహాసముద్రానికీ మధ్య గాలి పీడనం తక్కెడలా ఊగుతోందని పట్టుకున్నారు. అది పసిఫిక్ నీటి వేడితో ముడిపడి ఉందని, నీళ్లు గాలిని మారిస్తే ఆ గాలి మళ్లీ నీళ్లను మారుస్తుందని 1969లో వాతావరణ శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ వివరించారు. 1999లో సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా అనే పరిశోధకులు మన హిందూ మహాసముద్రంలోనే అలాంటి ఊపు ఇంకొకటి ఉందని నేచర్ పత్రికలో చూపించారు. ఆఫ్రికా వైపు నీళ్లు వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడిన ఏడు తూర్పు గాలులు బలంగా ఉంటాయి. అది కూడా మన ఈశాన్య వానలకి సాధారణంగా మేలే.

ఉలవపాడు_తోట

ధన్యవాదాలు సార్. కార్తీకంలో మా పక్క వాన తెల్లవారుజామునే ఎక్కువ పడుతుంది, మధ్యాహ్నానికి తెరిపిస్తుంది. అదెందుకు?

పెన్నా_ఒడ్డు

రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది, సముద్రం రోజు మొత్తంలో ఒక డిగ్రీకి మించి మారదు. నేల నుంచి సముద్రం మీదికి సన్నగా గాలి మళ్లుతుంది. ఎదురుగా తేమతో నిండిన తూర్పు గాలి వస్తుంటుంది. రెండూ ఒడ్డుకి కాస్త అవతల ఢీకొని అక్కడ మబ్బులు లేస్తాయి. తూర్పు గాలి వాటిని తెల్లారేలోపు మన మీదికి తోస్తుంది.

ఇసకపల్లి_రొయ్యలు

నాకు కావాల్సింది దొరికింది. ఒక అల్పపీడనం తీరం దాటిందంటే సముద్రం ఖాళీ అయిందని అనుకోకూడదు. ఇకనుంచి నవంబర్లో ఒకటి పోయాక కూడా డీజిల్ నిల్వ తగ్గనివ్వను. మరి రాబోయే కాలంలో ఇవి పెరుగుతాయా?

కడలి_ఒంగోలు

అన్నా, వాటి సంఖ్య గురించి నేను ఖాయంగా చెప్పను. వాన గురించి చెప్పగలను. 1951 నుంచి 2015 మధ్య మన హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగంలో పైనీరు సుమారు ఒక డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదికలో ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. కాబట్టి వచ్చిన వాయుగుండం వెనకటికంటే ఎక్కువ కురిసి పోయే అవకాశం ఉంది. నెమ్మదిగా కదిలితే ఇంకా ప్రమాదం. 2023 డిసెంబర్లో మిచౌంగ్ చెన్నై నుంచి మన తీరం వెంటే పాక్కుంటూ వచ్చి 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది, గుర్తుంది కదా.

పట్టుబడి నిర్ణయానికి ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్ చూడండి. అల్పపీడనం ఎప్పుడు దాటుతుందన్నదాని కంటే, దాని వెనక అండమాన్ వైపు ఇంకొకటి తయారవుతోందా అనేది చదవండి. సముద్రం మీద గాలి ఎంత వీస్తోందో శ్రీహరికోట నుంచి 2022లో వెళ్లిన ఈఓఎస్-06 ఉపగ్రహం చూస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అలల హెచ్చరికలు తెలుగులోనూ ఇస్తుంది.

కొత్తపట్నం_పడవ

అక్కా, ఆ సీసాల పని మేము కూడా చేయొచ్చా? నాన్న వేటకి పోయినప్పుడల్లా పట్టుకొస్తారు. ఎట్టా పట్టాలో చెప్పు.

కడలి_ఒంగోలు

తప్పకుండా చేయొచ్చు. మా ల్యాబ్‌లో అడిగి, తీసుకునే ఏర్పాటు నీకు మెసేజ్ పెడతాను. ఈలోపు అలవాటు చేసుకోండి. మూత గట్టిగా బిగిసే గాజు సీసా తీసుకోవాలి. ముందు అదే సముద్రపు నీటితో మూడుసార్లు కడగాలి, కుళాయి నీటితో వద్దు. పడవకి ఎదురుగాలి ఉన్న పక్క నుంచి, ఇంజన్ నీళ్లు కలవని చోట, మూర లోతున ముంచి నింపాలి. మూత సందులోంచి ఆవిరి పోతే ఉప్పు ఎక్కువ చూపిస్తుంది, అందుకే మూత చుట్టూ టేపు వేయాలి. తేదీ, టైము, ఒడ్డు నుంచి ఎంత దూరం, ఫోన్‌లో జీపీఎస్ చూపించే అంకెలు పెన్సిల్‌తో రాసి అంటించాలి, పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది. ఎండలో పెట్టొద్దు. దీపావళి ముందు నుంచే మొదలుపెడితే నీళ్లు మారిన రోజు దొరుకుతుంది.

కొత్తపట్నం_పడవ

సరే అక్కా. జువ్వలదిన్నెలో మా మేనమామ వాళ్లకీ చెబుతాను, అక్కడా ఒక సీసా పడితే రెండు చోట్లా పోల్చుకోవచ్చు.